గోముఖ్‌కు వెళ్లేముందు రాత్రులు లెక్కపెట్టండి

నిన్న సాయంత్రం మా వీధిలోని దంపతులు ఒక కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టారు. హరిద్వార్, గంగోత్రి, గోముఖ్ హిమానీనదం, మళ్లీ హరిద్వార్. మొత్తం ఐదు రోజులు. పైన మంచుకొండల బొమ్మ, కింద ధర. "మీరు అటు వెళ్లివచ్చారు కదా సార్, ఇది బాగుందో లేదో చెప్పండి" అన్నారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు. ఆ కాగితం చదువుతుంటే నాకు కోపం ఆగలేదు. 2023 మే నెలలో నేనూ మా చిన్నాన్నా నమ్మి వెళ్లిన కాగితం కూడా అచ్చం ఇలాంటిదే.

మా చిన్నాన్నది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నలభై ఏళ్లుగా వేరుశనగ వేస్తున్నారు. ఆయన చేలో తవ్వించిన బోర్లలో నీళ్లు పడినవాటికంటే పడనివే ఎక్కువ. పెన్నలో ఇసుక తప్ప నీళ్లు కనిపించని ఏళ్లు ఎన్ని చూశారో ఆయనకే లెక్క తెలియదు. అలాంటి మనిషికి జీవితంలో ఒకే ఒక్క యాత్ర కోరిక. "భగీరథుడు తెచ్చిన నీళ్లు ఎక్కడ పుడతాయో ఒక్కసారి చూడాలిరా" అనేవారు. నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మన ద్వీపకల్ప నదులకు వానే ఆధారమనీ, హిమాలయ నదులకు వానతోపాటు మంచు కూడా ఆధారమనీ ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. హిమానీనదాన్ని మాత్రం నేనూ ఎన్నడూ చూడలేదు. ఇద్దరం బయలుదేరాం.

ఏజెంటు ఇచ్చిన ప్రణాళిక ప్రకారం తెల్లవారుజామున హరిద్వార్‌లో జీపు ఎక్కితే రాత్రికి గంగోత్రి. మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టి సాయంత్రానికి గోముఖ్ దారిలోని మజిలీ భోజ్‌బాసా. మూడో రోజు గోముఖ్ చూసి వెనక్కి. "పెద్దాయనకు ఇబ్బంది కాదా?" అని నేను ముందే అడిగాను. "ఏమీ కాదు సార్, డెబ్బై ఏళ్లవాళ్లు కూడా వెళ్లి వస్తున్నారు" అన్నాడు. ఆ మాట నమ్మినందుకు ఇప్పటికీ నా మనసు నొచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ ఎత్తులను ఒకసారి వరసగా చూడండి. మన అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. హరిద్వార్ కూడా దాదాపు అంతే. ఉత్తరకాశీ సుమారు 1,150 మీటర్లు. గంగోత్రి 3,100. భోజ్‌బాసా 3,800కు దగ్గర. గోముఖ్ సుమారు 4,000. మేము ఒకే పగటిలో 300 నుంచి 3,100కు ఎక్కి పడుకున్నాం, మర్నాటి రాత్రి 3,800 దగ్గర పడుకున్నాం. 4,000 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదానిలో సుమారు 60 శాతమే. శరీరం ఆ లోటుకు అలవాటుపడగలదు, కానీ దానికి రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడకకూ మరుసటి రాత్రి పడకకూ మధ్య 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎక్కడం ఆపి విశ్రాంతి తీసుకోవాలనీ పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తుకు నడిచామన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసి ఉంటే!

భోజ్‌బాసా చేరేసరికే చిన్నాన్నకు తలనొప్పి మొదలైంది. రొట్టె ముట్టలేదు. రాత్రి రెండుసార్లు వాంతి అయింది, కన్ను మూతపడలేదు. మాతో వచ్చిన మనిషి వేడి టీ ఇచ్చి, పొద్దుటికి సర్దుకుంటుంది, పడుకోమన్నాడు. పక్క గదిలో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉన్నారు. ఆమె వచ్చి చూసి, ఆయనను నాలుగడుగులు తిన్నగా నడిపించి, ఊపిరి తీరు గమనించి, "ఇప్పుడైతే ప్రమాదం లేదు, కానీ ఇంకొక్క అడుగు కూడా పైకి వేయకండి, వెలుగు రాగానే కిందికి దింపండి" అన్నారు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వెలుగు కోసం కూడా ఆగకూడదని హెచ్చరించారు. అవి మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరుతున్న గుర్తులట. అంతవరకు వస్తే టీలూ తలనొప్పి మాత్రలూ కాపాడవు, కిందికి దిగడమే మందు.

దిగాం. గంగోత్రి చేరేసరికి చిన్నాన్న మామూలు మనిషయ్యారు, టిఫిను కూడా అడిగారు. గోముఖ్ మాకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మిగిలిపోయింది. తిరుగు రైలులో ఆయన కిటికీ పక్కన కూర్చుని గుత్తి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు తన వయసుదే అనుకున్నారు. కాదు. ఈ జబ్బు వయసు చూసి రాదు, రోజూ పరుగెత్తే కుర్రవాళ్లకూ వస్తుంది. తప్పు ఆ కాగితానిది. ఒక్క రాత్రి గంగోత్రికి ముందు వచ్చే హర్సిల్‌లో, రెండు రాత్రులు గంగోత్రిలో ఉంచి ఉంటే, ఆయన గోముఖ్ చూసి ఉండే అవకాశం ఎంతో ఎక్కువ. రెండు మూడు రోజుల గది అద్దె, జీపు ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక రైతు జీవితకాలపు కోరికను పణంగా పెట్టారు.

ఇంకో మోసం మాటలలో ఉంది. మంచు కనిపించిన ప్రతిచోటునూ హిమానీనదం అని అమ్ముతున్నారు. రోహ్‌తంగ్ కనుమలో పిల్లలు జారుతూ ఆడుకునేది ఆ చలికాలం కురిసిన మంచు, ఎండలు ముదిరితే కరిగిపోతుంది. హిమానీనదం వేరు. ఏళ్లతరబడి కురిసిన మంచు పొర మీద పొర పేరుకుని, ఆ బరువుకే అణిగి గట్టి గడ్డగా మారి, తన భారంతో తానే లోయలోకి మెల్లగా జారే ప్రవాహం అది. గోముఖ్ మూతిగా ఉన్న గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. పైగా దాని దిగువ భాగం తెల్లగా ఉండదు. కొండల నుంచి రాలిన రాళ్లూ మట్టీ దాన్ని కప్పేసి ఉంటాయి. దూరం నుంచి చూస్తే మన ఉరవకొండ, రాయదుర్గం దారిలో కనిపించే రాళ్ల గుట్టలు గుర్తుకొస్తాయి. చివర విరిగిన చోట మాత్రమే లోపలి మంచుగడ్డ బయటపడుతుంది. కరపత్రం మీది తెల్లని బొమ్మను మనసులో పెట్టుకుని వెళ్లినవాళ్లు "ఇంతేనా" అని నిరాశపడతారు. ఆ రాళ్ల కింద అంత మంచు కదులుతోందని తెలిసి వెళ్లినవాళ్లు అక్కడినుంచి కదలలేరు.

ఆ మూతి దగ్గరికి వెళ్లి ఫొటో దిగాలనీ, అక్కడే సీసాలో నీళ్లు పట్టుకోవాలనీ ఆరాటపడేవాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాను, వెళ్లకండి. ఎండకు సడలిన పెద్ద పెద్ద గడ్డలు చెప్పకుండా విరిగిపడతాయి. ఇటలీలోని మార్మొలాడా దగ్గర 2022 జూలై 3న హిమానీనదం ముక్క విరిగి 11 మంది చనిపోయారు, వాళ్లలో అనుభవమున్న గైడ్లు కూడా ఉన్నారు. గంగోత్రిలో పారేదీ ఆ నీళ్లే. సీసా అక్కడ నింపుకోండి.

కాలం సంగతి. బడి సెలవులని అందరం మేలోనే పడతాం, అప్పుడు చార్‌ధామ్ రద్దీతో ఆ కొండదారులు కిక్కిరిసి ఉంటాయి. వానాకాలంలో కొండచరియలు పడతాయి. గంగోత్రి దారిలోనే ఉన్న ధరాలీ ఊరిని 2025 ఆగస్టు 5న వరద ఎలా ముంచిందో మనమందరం టీవీలో చూశాం. నాకు తోచినంతలో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి భాగం మేలు. ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రులు మాత్రం గడ్డకట్టే చలి. దీపావళి దాటితే గంగోత్రి గుడి మూసేస్తారు. వేరుశనగ పీకే రోజులు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి రైతు ఇళ్లవాళ్లకు అది కష్టమని నాకు తెలుసు. మా ఇంట్లో ఈసారి ఆ పని తమ్ముడు చూసుకుంటానన్నాడు.

గోముఖ్ దారికి అటవీశాఖ రోజుకు 150 మందికే అనుమతి ఇస్తుంది. అనుమతి తేదీ ఖరారు కాకుండా రైలు టికెట్లు తీయవద్దు. చార్‌ధామ్ యాత్ర నమోదు వేరు, ఈ అనుమతి వేరు. బట్టలలో ఒక్కటే చెబుతాను. మనకు అలవాటైన నూలు బనీను అక్కడ శత్రువు, చెమటకు తడిసి ఆరదు, చలిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఉన్నివి వేసుకోండి. నడక సాధనకు గుత్తి కోట చాలు. రెండు నెలలపాటు ప్రతి ఆదివారం పైదాకా ఎక్కి దిగండి. కాళ్లకు అది పనికొస్తుంది, ఎత్తుకు మాత్రం రోజులే కావాలి.

వీధిలోని దంపతులకు నేను చెప్పింది ఇదే. ఏ ఏజెంటు దగ్గరికి వెళ్లినా ధరకంటే ముందు ఒక కాగితం అడగండి: ఏ రాత్రి ఏ ఊళ్లో పడక, ఆ ఊరి ఎత్తు ఎంత. రాసివ్వనివారికి డబ్బు కట్టకండి. ఖాళీ రోజు ఉందా అని అడగండి. లేకపోతే పెట్టించండి, లేదా వదిలేయండి. ఎత్తుకు ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, అది మీకు పడుతుందో లేదో మీ డాక్టరే చెప్పాలి. పక్కింటివాళ్లు వేసుకున్నారని వేసుకోవద్దు.

మా కాగితం నేనే రాసుకున్నాను. ఉత్తరకాశీలో ఒక రాత్రి, హర్సిల్‌లో ఒకటి, గంగోత్రిలో మూడు (అక్కడినుంచి భోజ్‌బాసాకు 500 మీటర్లకు మించి ఎక్కాలి కాబట్టి), భోజ్‌బాసాలో ఒకటి, ఆపైన ఏ పనీ పెట్టుకోని రోజు ఒకటి. చిన్నాన్నను వచ్చే సోమవారం గుండె డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తున్నాను. డాక్టరు వద్దంటే గంగోత్రి ఒడ్డునే కూర్చుంటానని ఆయన మాట ఇచ్చారు. సరేనంటే, రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు దొరుకుతాయి కాబట్టి ఆగస్టు మొదటి వారంలో తీస్తాను. ఆయన ఇప్పటికే పాత ఉన్ని శాలువా తీసి ఎండలో వేశారు.