సవరణ: షుగర్ ఉంటే 38 వారాలకే కాన్పు చేయాలన్న నా మాట తప్పు

గర్భంతో ఉండగా షుగర్ వచ్చిన మా మరదలి గురించి మొన్న రాస్తూ, షుగర్ ఉంటే 38 వారాలకే నొప్పులు తెప్పించాలి అన్నాను. అది తప్పు. నరసన్నపేట నుంచి ఒకమ్మాయి అది చదివి కంగారుగా ఫోన్ చేసింది. తనకు 37 వారాలు. అన్నం తగ్గించి, చోడి అంబలి కూడా గ్లాసుతో కొలిచి తాగుతూ, మందుల్లేకుండానే షుగర్ అదుపులో పెట్టుకుంది. అలాంటి పిల్లను టెన్షన్ పెట్టినందుకు నాకు చాలా బాధగా ఉంది, క్షమించండి.

మా మరదలి సంగతి వేరు. ఇన్సులిన్ వేసుకుంటున్నా పరగడుపున 95 దాటిపోయేది. నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో చుట్టిన అంకెలే ఎక్కువ. పైగా బీపీ. ఇవేవీ చెప్పకుండా వారాల లెక్కొక్కటే రాశాను.

తిండితోనే షుగర్ అదుపులో ఉండి, తల్లీబిడ్డా బాగుంటే మామూలుగా 39 వారాలు నిండకుండా తొందరపెట్టరు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 40 వారాల 6 రోజుల వరకు ఆగవచ్చంటుంది. మందులతోనో ఇన్సులిన్‌తోనో అదుపులో ఉంటే 39 నిండాక, 40 నిండేలోపు కాన్పు చేయమంటుంది.

ఇండక్షన్ (మందులతో నొప్పులు తెప్పించడం) అంటే చివరికి ఆపరేషనే అన్న నా మాటా వెనక్కి తీసుకుంటున్నాను. అది తొలి కాన్పా, గర్భాశయ ముఖద్వారం ఎంత మెత్తబడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్కాన్‌లో రాసే బిడ్డ బరువు కూడా అంచనాయే.

మీ అంకెల పుస్తకం పట్టుకెళ్లి డాక్టరమ్మనే అడగండి. బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం వారాలు చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.