భూమికి కంచె, నదికి బేరం

సిక్కిం శాసనసభలో 32 స్థానాలున్నాయి. వాటిలో ఒక దానికి సరిహద్దులు లేవు, దాని కింద ఊళ్లు లేవు. ‘సంఘ’ అని పిలిచే ఆ నియోజకవర్గంలో ఓటు వేసేదీ, పోటీ చేసేదీ గుర్తింపు పొందిన బౌద్ధారామాలకు చెందిన భిక్షువులు, భిక్షుణులే. లౌకిక రాజ్యాంగం ఉన్న దేశంలో మతం పేరిట ఒక సీటేమిటన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1993లో ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్ని తోసిపుచ్చింది. సిక్కిం ఈ దేశంలోకి వచ్చిన దారి వేరు కాబట్టి దానికి వర్తించే కొలత కూడా కొంత వేరుగానే ఉంటుందని తేల్చింది.

ఆ వేరు కొలతకు ఆధారం రాజ్యాంగంలోని 371-ఎఫ్ అధికరణ. మనవాళ్లకు 371-డి బాగా తెలుసు. స్థానిక, స్థానికేతర తగువు వచ్చిన ప్రతిసారీ అది పత్రికలకు ఎక్కుతుంది. డి, ఇ రెండూ ఆంధ్రప్రదేశ్ కోసం పుట్టినవే. ముల్కీ వివాదం, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973 నాటి 32వ సవరణతో అవి వచ్చాయి. మరో రెండేళ్లకు 36వ సవరణతో ఎఫ్ వచ్చి వాటి పక్కన చేరింది. అక్షర క్రమంలో ఇరుగుపొరుగే గానీ బరువులో పోలిక లేదు. మనది ఉద్యోగాలు, చదువుల పంపకానికి సంబంధించిన ఏర్పాటు. వాళ్లది ఒక రాజ్యం తన ఉనికిని వదులుకున్నందుకు బదులుగా రాసిచ్చిన హామీ.

ఆ హామీ వల్లే సిక్కింలో 1975 విలీనానికి ముందు నాటి చట్టాలు చాలావరకు ఇప్పటికీ చెల్లుతున్నాయి. 1917లో రాజు కాలంలో వెలువడిన రెవెన్యూ ఉత్తర్వు ప్రకారం అక్కడి పాత తెగలైన భూటియా, లెప్చాల భూమిని ఇతరులు కొనకూడదు. తరతరాలుగా అక్కడే ఉన్న నేపాలీ కుటుంబానికి కూడా ఆ హక్కు లేదు. 1961 నాటి ‘సిక్కిం ప్రజల’ రిజిస్టరులో పూర్వీకుల పేరు ఉందా లేదా అన్నది నేటికీ పెద్ద ప్రశ్నే. 2008లో కేంద్రం ఇచ్చిన ఆదాయపు పన్ను మినహాయింపు కూడా దాని మీదే ఆధారపడింది. ఆ జాబితాకు ఎక్కని పాత వ్యాపార కుటుంబాలకూ ఆ మినహాయింపు వర్తిస్తుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే ఆ తీర్పులో నేపాలీలను విదేశీ మూలాల వారిగా పేర్కొన్న ఒక వాక్యం సిక్కిం వీధుల్లో మంట పెట్టింది. చివరికి కోర్టే దాన్ని తొలగించింది. ఇక లెప్చాల కోసం ప్రత్యేకించిన జోంగు ప్రాంతంలోకి వెళ్లాలంటే బయటివాళ్లు ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి.

ఇంత గట్టి కంచె దేశంలో చాలా కొద్దిచోట్లే ఉంటుంది. కానీ అది కట్టినదంతా భూమి చుట్టూనే. కొండ వాలు మీద సెంటు నేల కొనాలంటే వంద అడ్డంకులున్న ఆ రాష్ట్రంలో, లోయ అడుగున పారే నదిని మాత్రం ప్రభుత్వమే ముక్కలు చేసి మెగావాట్ల లెక్కన కంపెనీలకు కేటాయించింది. సిక్కింలో నది పోయాక మిగిలే భూమి ఎంత అన్న ప్రశ్న ఆనాడు ఎవరికీ తట్టకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

ఎందుకంటే అక్కడి నేలను తీర్చిదిద్దింది నదే. సిక్కిం విస్తీర్ణం 7,096 చదరపు కిలోమీటర్లు. గోవా తర్వాత దేశంలో ఇదే చిన్న రాష్ట్రం. 2011 లెక్కల ప్రకారం జనం 6.1 లక్షలు, అన్ని రాష్ట్రాల కంటే తక్కువ. పడమర సింగలీలా శ్రేణి, తూర్పున చోలా శ్రేణి, ఉత్తరాన మహాహిమాలయాలు గోడల్లా నిలబడితే దక్షిణం వైపు ఒక్కటే తెరిపి. ఆ తెరిపి గుండా తీస్తా బయటికి వస్తుంది. దాదాపు రాష్ట్రమంతా ఆ నదీ పరీవాహక ప్రాంతమే. దక్షిణపు అంచున మూడు వందల మీటర్ల ఎత్తులో చెమటలు పట్టించే లోయ ఉంటుంది. వంద కిలోమీటర్లు తిరగకముందే 8,586 మీటర్ల కాంచన్‌జంగా. ఎనభై శాతానికి పైగా భూభాగం అటవీ శాఖ అధీనంలో ఉంది. రాష్ట్రంలో సగానికి మించిన ఉత్తర జిల్లాలో 2011 నాటికి అర లక్ష మంది కూడా లేరు. ఊళ్లు, పొలాలు, రోడ్లు అన్నీ మిగిలిన సన్నని వాలుల మీదే సర్దుకోవాలి. సిలిగురి నుంచి బియ్యం, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు, పర్యాటకులు అందరూ అన్నీ వచ్చే పదో నంబరు జాతీయ రహదారి కూడా నది ఒడ్డునే పాకుతుంది. ఆ రోడ్డు మీద కొండచరియ విరిగిపడిన రోజు గాంగ్‌టక్ అంగళ్లలో ధరలు మారిపోతాయి. సేంద్రియ రాష్ట్రమన్న కీర్తి నిజమే, 2016లో ప్రధాని చేతుల మీదుగా ఆ ప్రకటన కూడా వచ్చింది. అయినా రోజువారీ సరుకు కోసం చూపు సిలిగురి వైపే.

లెప్చాలు తీస్తాను రోంగ్‌న్యు అంటారు. దాని ఉపనది రంగీత్, రోంగ్‌న్యు ఇద్దరూ ప్రేమికులట. కొండల మీంచి కిందికి పందెం వేసుకుని బయలుదేరారట. ఆమెకు పాము దారి చూపింది, అతనికి పక్షి. పక్షి తిండి కోసం అక్కడక్కడా వాలడంతో అతను ఆలస్యంగా చేరాడు. రెండు నదుల నడకలోని వంపులకు ఇంతకంటే అందమైన భూగోళ పాఠం ఉండదు. జోంగులోని రోంగ్‌యోంగ్ వాగు వెంటే చనిపోయినవారి ఆత్మలు కాంచన్‌జంగా పాదాల దగ్గరికి తిరిగి వెళతాయన్నది వాళ్ల నమ్మకం. దీన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత గొడవ సరిగ్గా ఆ వాగు మీదే జరిగింది.

చరిత్ర విషయానికి వస్తే, సిక్కిం కథ కుదించుకుపోయిన రాజ్యం కథ. 1642లో యుక్సోమ్‌లో ముగ్గురు లామాలు కలిసి ఫుంత్సోగ్ నామ్‌గ్యాల్‌ను తొలి చోగ్యాల్‌గా, అంటే రాజుగా, పట్టాభిషిక్తుణ్ని చేశారు. అప్పట్లో చుంబీ లోయ, డార్జిలింగ్ కొండలు, తెరాయి మైదానం కూడా ఆ రాజ్యానివే. తర్వాత గూర్ఖాలు పడమటి నుంచి వచ్చిపడి రాజధాని రబ్దెంత్సేను దెబ్బతీశారు. ఆంగ్లేయులు నేపాల్‌ను ఓడించి 1817లో టిటాలియా ఒప్పందంతో కొంత భూమి తిరిగి ఇప్పించారు. ఆ సహాయం ఖరీదు నెమ్మదిగా తెలిసింది. 1835లో చల్లని విడిది పేరుతో డార్జిలింగ్‌ను తీసుకున్నారు. 1849లో డార్జిలింగ్ సూపరింటెండెంట్ క్యాంప్‌బెల్‌ను, ఆయన వెంట ఉన్న వృక్ష శాస్త్రజ్ఞుడు హుకర్‌ను సిక్కిం దర్బారు నిర్బంధించింది. అందుకు శిక్షగా తెరాయిని కలిపేసుకుని, డార్జిలింగ్‌కు ఇస్తున్న భత్యాన్నీ ఆపేశారు. 1861 తుమ్లాంగ్ ఒప్పందంతో రాజు పేరుకు రాజుగా మిగిలాడు.

ఆంగ్లేయులకు అంత పట్టుదల ఎందుకు? నాథూలా, జెలెప్‌లా కనుమలు దాటితే చుంబీ లోయ, అది దాటితే టిబెట్. 1903-04లో యంగ్‌హస్బెండ్ సేన లాసాకు నడిచింది జెలెప్‌లా మీదుగానే. సిక్కిం, టిబెట్ సరిహద్దును 1890లో కలకత్తాలో బ్రిటన్, చైనా ప్రతినిధులు గీసుకున్నారు. ఎవరి గురించి ఒప్పందమో వారి సంతకం అందులో లేదు. 2017లో డోక్లామ్ దగ్గర భారత, చైనా సైనికులు రెండు నెలలకు పైగా ఎదురెదురుగా నిలబడినప్పుడు బీజింగ్ పదేపదే చూపించిన కాగితం అదే. పాత వలస ఒప్పందాలను తిట్టిపోసే ప్రభుత్వానికి తనకు పనికొచ్చేది మాత్రం పవిత్రమే అయింది.

1889లో తొలి పొలిటికల్ ఆఫీసరుగా, అంటే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగా, వచ్చిన జాన్ క్లాడ్ వైట్ పాలనను తన చేతిలోకి తీసుకుని, అడవి కొట్టి సేద్యం చేయడానికి నేపాలీ రైతుల రాకను ప్రోత్సహించాడు. 1891 గణనలోనే సుమారు 30 వేల జనాభాలో సగం మంది నేపాలీలని తేలింది. 1917 భూమి ఉత్తర్వు వలస వచ్చినవారికి భూమి పోతుందన్న భయంలోంచి పుట్టినదే. రాజరికం కూడా ఈ లెక్క మీదే కూలింది. 1950 ఒప్పందంతో భారత్ రక్షణలో ఉన్న సిక్కింలో ఎన్నికలకు ఒక విచిత్ర సూత్రం ఉండేది. జనాభాలో నాలుగో వంతున్న భూటియా, లెప్చాలకూ, మిగతా నేపాలీలకూ సీట్లు సమానం. 1973లో వీధుల్లో చెలరేగిన ఆందోళన వెనక ఢిల్లీ చెయ్యి ఎంతైనా ఉండనివ్వండి, ఆ కోపం మాత్రం అద్దెకు తెచ్చింది కాదు. 1974లో కాజీ లెందుప్ దోర్జీ నాయకత్వంలోని సిక్కిం కాంగ్రెస్ 32 స్థానాల్లో 31 గెలిచింది.

1975 ఏప్రిల్ 9న భారత సైన్యం ప్యాలెస్ కాపలాదళాన్ని నిరాయుధం చేసింది. అయిదు రోజులకే, ఏప్రిల్ 14న, ప్రజాభిప్రాయ సేకరణ. విలీనానికి అనుకూలంగా 59,637 ఓట్లు, వ్యతిరేకంగా 1,496. మే 16న సిక్కిం 22వ రాష్ట్రమైంది. ఆ కొండదారుల్లో అయిదు రోజుల్లో జరిగిన ఓటింగును ఆదర్శంగా చూపలేం. అలాగని రాజుగారి పాలనే ప్రజాభీష్టమని కన్నీరు పెట్టడమూ కుదరదు. తర్వాతి ఎన్నిక అసలు మాట చెప్పింది. 1979లో కాజీ పార్టీకి ఒక్క సీటూ దక్కలేదు. విలీనం జరిగిన తీరును దుయ్యబట్టిన నర్ బహదూర్ భండారీ ముఖ్యమంత్రి అయ్యారు. రాజు వద్దన్న జనమే, రాజును దింపిన పెద్దమనిషినీ ఇంటికి పంపారు.

ఇప్పుడు నది దగ్గరికి వద్దాం. 1997లో యుక్సోమ్ దగ్గర రాథోంగ్ చూ జలవిద్యుత్ ప్రాజెక్టును ముఖ్యమంత్రి పవన్ చామ్లింగ్ ఆపేశారు. తొలి పట్టాభిషేకం జరిగిన పవిత్ర స్థలాన్ని పాడుచేయవద్దని భిక్షువులు, స్థానికులు పట్టుబట్టడమే కారణం. అప్పటికే కొంత డబ్బు ఖర్చయినా వెనక్కి తగ్గారు. అదే ప్రభుత్వం ఆ తర్వాతి దశాబ్దంలో తీస్తా, దాని ఉపనదుల మీద వరుసగా ప్రాజెక్టులకు తలుపులు బార్లా తెరిచింది. 2007లో గాంగ్‌టక్‌లో లెప్చా యువకులు నెలల తరబడి నిరాహార దీక్షలు చేశారు. జోంగులో కొన్ని ప్రాజెక్టులు రద్దయ్యాయి. ఆత్మల దారిలో తలపెట్టిన పానన్ ప్రాజెక్టు మాత్రం జాబితాలో మిగిలింది. పర్యాటకుడు అడుగుపెట్టడానికి అనుమతి కావలసిన చోట సొరంగం తవ్వకానికి అనుమతి సులువుగా దొరకడం ఏ చట్టం నీతో నాకు అర్థం కాలేదు.

ప్రభుత్వ వాదనలో పస లేదనలేం. పరిశ్రమలకు చోటు లేదు, రైలు ఇంకా రాలేదు, ఖజానాకు ఏదో ఒక ఆదాయం కావాలి. నేడు తలసరి ఆదాయంలో సిక్కిం దేశంలో ముందు వరుసలో ఉందంటే ఔషధ కర్మాగారాలతో పాటు జలవిద్యుత్తు పుణ్యం కూడా ఉంది. కానీ లెక్కలో రెండో వైపు కూడా రాయాలి. తీస్తా మీద దశలవారీగా తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో అయిదో దశలో దిక్చూ దగ్గర నీటిని 17 కిలోమీటర్ల సొరంగంలోకి మళ్లిస్తారు. వానాకాలం పోతే ఆ మధ్య నదిలో మిగిలేది రాళ్ల మధ్య సన్నని ధారే. ఆరో దశను తీసుకున్న, హైదరాబాద్ మూలాలున్న ల్యాంకో సంస్థ దివాలా తీసి, సగంలో ఆగిన పని 2019లో ప్రభుత్వ రంగ జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ చేతికి వచ్చింది. సగం తవ్వి వదిలేసిన కొండకు ఏళ్ల తరబడి జవాబుదారీ ఎవరు?

అన్నింటికంటే పెద్దది చుంగ్‌థాంగ్. లాచెన్, లాచుంగ్ వాగులు కలిసి తీస్తాగా మారే చోటు. అక్కడే 60 మీటర్ల రాతి కట్ట, 1,200 మెగావాట్ల మూడో దశ. 2017లో ఉత్పత్తి మొదలైంది. దానికి ఎగువన, అయిదు వేల మీటర్లు దాటిన ఎత్తులో దక్షిణ ల్హోనాక్ సరస్సు ఉంది. మంచునది కరిగేకొద్దీ ఆ సరస్సు పెరుగుతోందని, కట్ట తెగే ప్రమాదం ఎక్కువని 2013లోనే మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రాశారు. 2016లో కొందరు పైకెక్కి పైపులు వేసి, సైఫన్ పద్ధతిలో నీరు తోడే ప్రయత్నం చేశారు. అంత పెద్ద సరస్సుకు అది ఏపాటి ఊరట? 2023 అక్టోబరు 3 రాత్రి పక్కనున్న మొరేన్ గట్టు, అంటే మంచునది తెచ్చి పోసిన రాళ్ల, మట్టి గట్టు, విరిగి సరస్సులో పడింది, దాదాపు 20 మీటర్ల అల లేచింది. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4కల్లా 60 హెక్టార్లయిందని అదే హైదరాబాద్ కేంద్రం చిత్రాలు చూపాయి. చుంగ్‌థాంగ్ కట్ట కొట్టుకుపోయింది. దిగువన వంతెనలు, సైనిక వాహనాలు, ఇళ్లు, పదుల సంఖ్యలో మనుషులు వరద పాలయ్యారు. ఎగువన బాంబు ఉందని పదేళ్ల ముందే తెలిసి, దిగువన సైరన్ మోగించే ఏర్పాటు లేకపోవడాన్ని ప్రకృతి వైపరీత్యం అనడం ప్రకృతి మీద నింద మోపడమే. 2024 ఆగస్టులో కొండచరియ పడి అయిదో దశ విద్యుత్ కేంద్రం కూడా దెబ్బతింది.

ఇంత జరిగాక కూడా 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ చుంగ్‌థాంగ్‌లో డ్యామును తిరిగి కట్టడానికి సిఫార్సు చేసింది. ఈసారి కాంక్రీటుతో, ఎత్తు మునుపటికి దాదాపు రెట్టింపు. ప్రాజెక్టుపై 2006లో జరిపిన బహిరంగ విచారణతోనే సరిపెట్టడంపై స్థానికులు అభ్యంతరం చెబుతున్నారు. వారి అభ్యంతరమే న్యాయం. 2006 నాటి ఊరికి, వరద చూసిన ఊరికి అభిప్రాయం ఒకటే ఎలా అవుతుంది?

దారి కోసం సిక్కిం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. చుంగ్‌థాంగ్‌కు ఎగువన లాచెన్, లాచుంగ్ గ్రామాల్లో పంచాయతీ బదులు జుమ్సా అనే పాత గ్రామసభ ఉంది, రాష్ట్ర చట్టమూ దాన్ని గుర్తించింది. పిపోన్ అనే పెద్దను ఎన్నుకుంటారు. యాక్ మందలు ఎప్పుడు పైకి వెళ్లాలో, ఎప్పుడు దిగిరావాలో అక్కడే తేలుస్తారు. లాచెన్ జుమ్సా ప్లాస్టిక్ నీళ్ల సీసాలను ఊళ్లోకి రానివ్వనని తీర్మానించి అమలు చేసింది, జలవిద్యుత్ ప్రాజెక్టులకూ అడ్డం నిలిచింది. 1917 ఉత్తర్వు భూమికి చేసిన పనిని నదికి చేసే అధికారం ఇలాంటి సభలకు చట్టపరంగా ఇవ్వాలి. తీస్తా మీద ఏ కట్టడానికైనా లోయలోని ప్రతి జుమ్సా, ప్రతి గ్రామసభ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేస్తూ గాంగ్‌టక్ శాసనసభ ఒక బిల్లు తేవచ్చు. 2024లో 32కు 31 స్థానాలు గెలిచిన అధికార పక్షానికి సభలో సంఖ్యాబలం లేదన్న సాకు చెల్లదు.