ముందుగా వెనక తల చూడాలి: మహిళల హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌పై ఒక పరిశీలన

జుట్టు పలచబడిందని వచ్చిన స్త్రీ తల మీద ఎవరి చూపైనా మొదట పాపిడి దగ్గరే ఆగుతుంది. నుదుటి అంచున వెంట్రుకలు చాలావరకు అలాగే ఉంటాయి గానీ, దాని వెనక పాపిడి గీత ఏడాదికేడాది వెడల్పవుతూ నడినెత్తి దాకా చర్మం బయటపడుతూ ఉంటుంది. అద్దంలో ఆమెను బాధపెట్టేది అదే కాబట్టి, అక్కడ నాలుగు వేల గ్రాఫ్టులు (వేరే చోట నుంచి తీసిన వెంట్రుకల కుదుళ్లు) నాటితే సరిపోతుందన్న మాట ఆమెకు ఇట్టే నచ్చుతుంది. కానీ ట్రాన్స్‌ప్లాంట్ పనికొస్తుందా లేదా అన్నది తేలాలంటే ఆమెను తల వంచమని, మెడ పైభాగంలోని జుట్టును పాయలుగా విడదీసి, చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మటోస్కోప్ ఆనించి చూడాలి. అక్కడి వెంట్రుకలు దాదాపు ఒకే లావున ఉన్నాయా, లేక లావువాటి మధ్య నూలుపోగుల్లా సన్నబడినవి కూడా కలిసి ఉన్నాయా అన్నదాని మీదే నిర్ణయమంతా ఆధారపడి ఉంటుంది. రెండు నిమిషాల్లో అయిపోయే ఈ పరీక్షకు దక్కవలసిన ప్రాధాన్యం దక్కకపోవడమే, మహిళలకు ఈ శస్త్రచికిత్సను అమ్ముతున్న తీరులో నాకు కనిపించే అసలు లోపం.

ట్రాన్స్‌ప్లాంట్ కొత్త వెంట్రుకను పుట్టించదు. ఉన్న కుదురును ఒక చోట నుంచి తీసి మరో చోట నాటుతుంది, అంతే. ఈ చికిత్సకు సిద్ధాంత బలం ఇచ్చింది న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించిన పత్రం. నాటిన కుదురు తాను వెళ్లిన చోటి గుణాన్ని కాక, తాను వచ్చిన చోటి గుణాన్నే నిలుపుకుంటుందని ఆయన చూపారు. మగవారి బట్టతలలో ముందువైపు, నడినెత్తి ఖాళీ అయినా వెనకవైపూ చెవుల పైనా ఒక పట్టీ చివరిదాకా నిలుస్తుంది కనుక, ఆ పట్టీలోంచి తీసిన కుదురు ముందుకు వచ్చినా నిలుస్తుంది. ఈ పరిశ్రమంతా ఆ పట్టీ మీదే నడుస్తోంది. అంతకంటే ముందే, 1943లో, జపాన్ వైద్యుడు హజిమే టమురా చాలా చిన్న గ్రాఫ్టులతో చేసిన చికిత్స స్త్రీల కోసమే కావడం, ఆ పని చాలాకాలం బయటి ప్రపంచానికి తెలియకుండా ఉండిపోవడం ఈ చరిత్రలో ఒక చిత్రం.

ఓరెంట్రైక్ సూత్రమే స్త్రీల దగ్గరికి వచ్చేసరికి చాలామంది విషయంలో అడ్డం తిరుగుతుంది. స్త్రీలలో కనిపించే సాధారణ రకం జుట్టు పలచదనాన్ని జర్మన్ వైద్యుడు ఎరిక్ లుడ్విగ్ 1977లో మూడు దశలుగా వర్గీకరించారు. ఇందులో ఒక చోట పూర్తిగా బట్టతల రావడం అరుదు. విస్తారమైన ప్రాంతంలో వెంట్రుకలు రాలి మళ్లీ మొలిచిన ప్రతిసారీ ఇంకాస్త సన్నబడుతూ పోతాయి. ఆ సన్నబడటం కొందరిలో నడినెత్తికే పరిమితమైతే, మరెందరిలోనో చెవుల పక్కకూ వెనక తలకూ పాకుతుంది. అలాంటి వెనక తల నుంచి తీసి ముందు నాటిన కుదురు, ఓరెంట్రైక్ చెప్పినట్టే, తన గుణాన్ని తనతో తెచ్చుకుని ఇక్కడ కూడా సన్నబడుతుంది. అప్పు చేసి అప్పు తీర్చినట్టు అవుతుంది వ్యవహారం. వెనక పలచదనం పెరుగుతుంది, ముందు వచ్చిన నిండుదనం కొన్నేళ్లలో తగ్గుతుంది. పురుషుల విషయంలో డీహెచ్‌టీ అనే పురుష హార్మోను పాత్ర స్పష్టంగా తెలిసింది గానీ, జుట్టు పలచబడిన స్త్రీలలో చాలామందికి పురుష హార్మోన్ల స్థాయి మామూలుగానే ఉంటుంది. అందుకే వైద్యులు ఈ సమస్యను హార్మోను పేరుతో పిలవడం తగ్గించి, స్త్రీలలో కనిపించే జుట్టు పలచదనం అన్న అర్థం వచ్చే పేరు వాడుతున్నారు. కారణమే పూర్తిగా తేలని చోట, మగవారి లెక్కలను యథాతథంగా ఆడవారికి వర్తింపజేయడం సాహసమే.

పైగా రాలే జుట్టంతా ఈ రకానికి చెందినది కాదు. పెద్ద జ్వరం, ప్రసవం, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి తగ్గించి బరువు తగ్గడం వంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలడం మొదలవుతుంది. చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతి దశలోకి జారుకోవడమే దీనికి కారణం. ఇది చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ, కుదురు చచ్చిపోదు. కారణం తొలగితే ఎక్కువమందికి కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. ఇనుము లోపం, థైరాయిడ్ తేడా, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) లాంటివి కూడా రక్తపరీక్షల్లో, స్కానింగులో దొరికేవే. ఇక్కడ ఒక మోసకారి లెక్క ఉంది. నాటిన వెంట్రుకలు రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోయి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలిచి, పూర్తి ఫలితం చూపడానికి దాదాపు ఏడాది పడుతుంది. తాత్కాలికంగా రాలిన జుట్టు తనంతట తాను కోలుకునే కాలం కూడా ఇంచుమించు ఇంతే. కాబట్టి అవసరం లేని స్త్రీకి ఆపరేషన్ చేసినా, ఏడాది తర్వాత జుట్టు నిండుగా కనిపిస్తుంది. ఆ ఘనత ఆపరేషన్ ఖాతాలో పడుతుంది. ముందు, తర్వాత అంటూ పక్కపక్కన పెట్టే రెండు ఫోటోలు ఈ తేడాను ఎప్పటికీ చెప్పలేవు.

అంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటి ఉంది. నుదుటి అంచు నెమ్మదిగా వెనక్కి జరిగిపోయే ఫ్రంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా అనే జబ్బును ఆస్ట్రేలియా వైద్యుడు స్టీవెన్ కోసార్డ్ 1994లో వర్ణించారు. నెలసరి ఆగిన తర్వాతి వయసు స్త్రీలలో ఇది ఎక్కువ. పైపైన చూస్తే ట్రాన్స్‌ప్లాంట్‌కు ఇంతకంటే అనువైన తల ఉండదనిపిస్తుంది: వెనక జుట్టు దట్టంగా ఉంటుంది, ఖాళీ అయింది ముందు వరస మాత్రమే. కానీ ఇది కుదురును శరీరమే దెబ్బతీసి మచ్చగా మార్చే జబ్బు. కనుబొమలు కూడా పలచబడటం, అంచున మిగిలిన వెంట్రుకల మొదళ్ల చుట్టూ ఎర్రదనం, సన్నటి పొట్టు, జుట్టు పోయిన చోట చర్మం నునుపుదేలడం దీని ఆనవాళ్లు. అనుమానం ఉంటే నాలుగు మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి బయాప్సీకి పంపితే విషయం తేలుతుంది. ఆ పని చేయకుండా గ్రాఫ్టులు నాటితే, మొదట అవి బతికి అందరినీ సంతోషపెట్టినా, కొన్నేళ్లలో జబ్బు వాటినీ మింగేయవచ్చు.

ఇంత చెప్పడం మహిళలకు ఈ శస్త్రచికిత్స వద్దని కాదు. ఏళ్ల తరబడి బిగుతుగా లాగి దువ్వడం వల్ల కణతల దగ్గర జుట్టు శాశ్వతంగా పోయినవారు, కాలిన గాయాల మచ్చలు, ఆపరేషన్ మచ్చలు ఉన్నవారు, పుట్టుకతోనే నుదురు బాగా ఎత్తుగా ఉన్నవారు, పలచదనం నడినెత్తికే పరిమితమై వెనక తల దట్టంగా నిలిచినవారు దీనివల్ల నిజంగా మేలు పొందగలరు. లాగడం మానేసి ఆ నష్టం స్థిరపడిందని తేలితే చాలు, మొదటి రకం వారికి వచ్చే ఫలితం చాలామంది మగవారి ఫలితంతో పోటీ పడుతుంది. బట్టతల మగవారి సమస్య అన్న అలవాటు ఆలోచన వల్ల ఇలాంటి స్త్రీలలో కొందరు, తమకూ ఈ దారి ఉందని వినకుండానే దశాబ్దాలు గడిపేస్తున్నారు. అర్హత లేనివారికి అమ్మడం ఎంత తప్పో, అర్హత ఉన్నవారికి చెప్పకపోవడం కూడా అంతే తప్పు.

అర్హత తేలిన తర్వాత కూడా, స్త్రీ తలపై పని వేరు. మగవారిలో ఖాళీ నేల మీద నాటుతారు. స్త్రీలలో బతికున్న వెంట్రుకల మధ్య నాటాలి. సూది ఏ కోణంలో దిగితే పక్క కుదురు తెగదో చూసుకుంటూ నాటడం నిదానంగా సాగే పని. ఎంత జాగ్రత్త పడినా, ఆ కుదుపుకి చుట్టుపక్కల వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలడం ఉంటుంది. వైద్యులు దీన్ని షాక్ లాస్ అంటారు. బలమైనవి తిరిగి వస్తాయి, అప్పటికే బాగా సన్నబడినవి రాకపోవచ్చు. అంటే డబ్బు కట్టి, రోజంతా బల్ల మీద పడుకుని లేచిన మనిషి, మొదటి మూడు నాలుగు నెలలు అంతకు ముందుకంటే పలచటి తలతో తిరగాల్సి రావచ్చు. సంతకం పెట్టించుకునే కాగితంలో ఇది ఒక పంక్తిగా ఉంటుందేమో గానీ, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈ పద్ధతికి సాధారణంగా వెనక భాగం గొరగాలి. పొడవు జుట్టు ఉన్నవారికి సన్నటి చర్మపు పట్టీ తీసే పాత ఎఫ్‌యూటీ పద్ధతే చాలాసార్లు మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే గీతలాంటి ఆ మచ్చను పై జుట్టే కప్పేస్తుంది. కొత్తదన్న పేరు తప్ప, ప్రతి తలకూ ఎఫ్‌యూఈనే సూచించడానికి వేరే కారణం లేదు.

శాశ్వత పరిష్కారం అన్న ప్రకటన మాటను కూడా తరచి చూడాలి. నాటిన కుదురు నిలిచినా, దాని పక్కన ముందు నుంచీ ఉన్న వెంట్రుకలు సన్నబడటం ఆగదు. వాటిని కాపాడేది మందులే. స్త్రీల కోసం తలకు రాసుకునే 2 శాతం మినాక్సిడిల్ మందుకు అమెరికాలో 1991లో, 5 శాతం ఫోమ్‌కు 2014లో అనుమతి వచ్చింది. ఆరు నెలలైనా వాడకుండా అది పనిచేసిందో లేదో చెప్పలేం, మొదటి వారాల్లో రాలడం పెరిగినట్టు అనిపించి చాలామంది మానేస్తారు, మానేస్తే వచ్చిన లాభం పోతుంది. హార్మోన్ల మీద పనిచేసే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడదగినవి కావు. ఇదంతా విసుగు పుట్టించే దీర్ఘకాలపు పని, ఒక్క రోజులో అయిపోయే ఆపరేషన్‌కున్న ఆకర్షణ దీనికి లేదు. అయినా ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకి కూడా మందుల నుంచి విముక్తి దొరకదని తెలిస్తే, ఆ ఆకర్షణ కొంత తగ్గుతుంది.

జబ్బేమిటో నిర్ధారించే మనిషి, గ్రాఫ్టులు అమ్మే మనిషి ఒకరే కావడం దగ్గర ఈ చిక్కంతా ముడిపడి ఉంది. అనేక చోట్ల మొదట కలిసేది డాక్టరు కూడా కాదు, కౌన్సెలర్ పేరుతో కూర్చున్న అమ్మకందారు. గ్రాఫ్టుల సంఖ్య మీద బిల్లు పడే చోట, మీకు ఇది అవసరం లేదని చెప్పడానికి ఎవరికీ ప్రోత్సాహం ఉండదు. కనుక ఆపరేషన్ చేయని చర్మవైద్యుడి దగ్గర ముందు నిర్ధారణ చేయించుకోవడం, ఆ తర్వాతే సర్జన్‌ను కలవడం మేలు. కలిసినప్పుడు ఎన్ని గ్రాఫ్టులు అని అడిగే ముందు, వెనక తలలో సన్నబడిన వెంట్రుకలు ఎంత శాతం ఉన్నాయో చూపించమని అడగాలి. అవి ఐదో వంతు దాటితే జాగ్రత్తపరుడైన సర్జన్ సాధారణంగా వెనక్కి తగ్గుతాడు. అంకె చెప్పకుండా మాట దాటేస్తే అక్కడి నుంచి లేచి రావచ్చు.

ఆలస్యం చేయకూడనిది పరీక్షల విషయంలోనే, మచ్చలు మిగిల్చే జబ్బయితే ప్రతి నెలా కొన్ని కుదుళ్లు పోతాయి కాబట్టి. శస్త్రచికిత్సకు ఆ తొందర లేదు. ఒకే వెలుతురులో, ఒకే పాపిడితో, ఆరు నెలల ఎడంతో తీసిన ఫోటోలు చూసుకుని, మందులకు తల ఎలా స్పందించిందో తెలుసుకుని వెళ్లినా, వెనక తలలోని మంచి కుదుళ్లు అక్కడే ఉంటాయి. ఈలోగా గడువు ముగిసేది క్లినిక్ ప్రకటించిన రాయితీ ఒక్కటే.