పుష్పకం ఏ గడిలోకి వస్తుంది?

మన ఉగాది ఏకపాత్రాభినయం పోటీలో మా పన్నెండేళ్ల అమ్మాయికి బహుమతి రాలేదని ఇది రాస్తున్నానని మీరనుకుంటే, కొంత నిజమే. పోటీ కాగితంలో పౌరాణికం, చారిత్రకం, సాంఘికం అని మూడు గడులు. మా పిల్ల వేసింది స్పెన్సా పాత్ర. స్కైవార్డ్ అనే సైన్స్ ఫిక్షన్ ఆడియోబుక్ సిరీస్‌లో హీరోయిన్. "మన సంస్కృతి కాదు కదమ్మా" అని జడ్జిగారు మైకులోనే చెప్పేసి మార్కులు వెయ్యలేదు. నేను వెనక పులిహోర వడ్డిస్తున్నాను, గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ రెండు నిమిషాల కోసం మూడు వారాలు పట్టింది. పాప ఇంగ్లీషులో చెప్పడం, తెనాలిలో ఉన్న మా అమ్మ వాట్సాప్‌లో దాన్ని తెలుగు చెయ్యడం. "స్టార్‌ఫైటర్‌ని ఏమంటారు అమ్మమ్మా?" "పుష్పకం అనెయ్యవే." "అందులో ఎంతమందెక్కినా చోటుంటుందన్నావుగా, ఇది ఒక్కళ్లదే!" అరగంట వాదన. చివరికి పుష్పకమే ఉంచారు. స్పెన్సా శత్రువుల మీద విసిరే సవాళ్లన్నీ మా అమ్మ చేతిలో పడి దుర్యోధనుడి గొంతు తెచ్చుకున్నాయి.

సిరీస్ మహా గొప్పదని నేను వాదించను. బ్రాండన్ శాండర్సన్ రాశారు, 2018 నుంచి 2023 దాకా నాలుగు నవలలు, మొదటిదే 15 గంటల పైన. స్విమ్మింగ్ క్లాసుకి తిప్పుతూ కారులో నేనూ విన్నాను, ఆ పదిహేడేళ్ల పిల్ల ఆవేశం నా వయసుకి కాస్త విసుగే. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లకి మాత్రం సరిగ్గా సరిపోతుంది. తిట్లు కూడా "స్కడ్" లాంటి కల్పిత మాటలే, వెనక సీట్లో మామగారున్నా ఆపక్కర్లేదు. పిరికివాడని ముద్రపడ్డ పైలట్ కూతురు తనూ పైలట్ కావాలనుకోవడం కథ. నేల కింద గుహల్లో బతుకు. వీరుల కథలు చెప్పేదీ, నక్షత్రాలను వినమని నేర్పేదీ బామ్మే. ఇందులో మనది కానిదేదో నాకు అర్థం కాలేదు.

జడ్జిగారి భయం నాకూ లేకపోలేదు. ఈ తలుపు తీస్తే వచ్చే ఏడాది స్టేజంతా స్పైడర్‌మ్యాన్లే, పద్యం చెప్పే పిల్లలు మిగలరు. సరే. కానీ మొన్న పద్యం చెప్పి గెలిచిన బాబు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో అరచేతి మీద రాసుకొచ్చాడు. వాణ్ని తప్పుపట్టను, ఎనిమిదేళ్లప్పుడు మాదీ అదే చేసింది, మేం వీడియో తీసి ఊళ్లో అందరికీ పంపుకున్నాం. ఈసారి ప్రతి మాటకీ అర్థం తెలిసి పలికింది. అయినా మాయాబజార్‌ని రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రంగా చెవులొగ్గి విన్నవాళ్లం, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కథ వినే పిల్లని చూసి మనమెందుకు కంగారుపడాలి?

కమిటీవారూ, ఆ కాగితంలో నాలుగో గడి ఒకటి గీయండి. కథ ఎక్కడిదైనా ఫర్వాలేదు, తెలుగులో చెప్పాలి, అంతే. జడ్జీలు దొరక్కపోతే నన్ను పిలవండి, పులిహోర డ్యూటీ ఈసారి ఇంకెవరికైనా ఇవ్వండి.