చూసి పంపేస్తే సరిపోతుందా?

స్కూలుకి డాక్టరు వచ్చి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, కనురెప్పలు తిప్పి, తలలో పేలు చూసి, రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని వెళ్లిపోతే దాన్ని బడిపిల్లల ఆరోగ్య కార్యక్రమం అంటున్నాం. పరీక్ష చెయ్యడం వేరు, జబ్బు తగ్గించడం వేరు అని వందేళ్ల కిందటే తేలిపోయింది. అయినా లెక్కలు అడిగితే ఎంతమందిని పరీక్షించారో చెబుతారే గానీ ఎంతమందికి నయమైందో చెప్పరు. మా అభ్యంతరమంతా ఇక్కడే.

న్యూయార్క్ సంగతే చూడండి. 1897 నుంచి అక్కడ డాక్టర్లు బడులకు వెళ్లేవాళ్లు. ట్రకోమా (కనురెప్పల లోపల వచ్చే అంటురోగం), తామర, గజ్జి, పేలు, ఏది కనిపించినా పిల్లాణ్ణి ఇంటికి పంపేయడమే వైద్యం! సరే పంపారు, మందెవరిస్తారు? పొద్దున బడి నుంచి పంపేసిన పిల్లాడు సాయంత్రం అదే వీధిలో అదే క్లాసు పిల్లలతో ఆడుకునేవాడు, అంటే అంటురోగం ఆగిందీ లేదు, చదువు సాగిందీ లేదు. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును ప్రయోగంగా నాలుగు బడులకు పంపారు. ఆవిడ చేసింది గొప్ప వైద్యమేం కాదు: పుండు కడిగి మందు రాసింది, కట్టు కట్టింది, ఇళ్లకు వెళ్లి ఎలా చెయ్యాలో తల్లులకు చూపించింది, పిల్లాణ్ణి మళ్లీ క్లాసులో కూర్చోబెట్టింది. 1902 సెప్టెంబరులో 10,567 మందిని ఇంటికి పంపితే, నర్సుల్ని పెంచాక 1903 సెప్టెంబరులో 1,101 మందినే పంపాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో కథ ఇంకోలా నడిచింది. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధానికి (1899–1902) సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది సైన్యానికి పనికిరారని తేలాకే ఏలినవారికి బడిపిల్లల ఒళ్లు గుర్తొచ్చింది (అంతకుముందు కూడా ఆ పిల్లలు అలాగే ఉన్నారు లెండి). 1907 చట్టంతో వైద్య పరీక్ష తప్పనిసరి అయింది, చికిత్స మాత్రం స్థానిక అధికారుల ఇష్టం. 1909లో ఆ చికిత్స ఖర్చు తల్లిదండ్రుల దగ్గర రాబట్టే చట్టం వచ్చింది. పుచ్చిన పన్ను ఎవరిదో చీటీ మీద రాసి ఉంటుంది, పీకించే స్తోమత ఇంట్లో ఉండదు. పేదపిల్లల కోసం పనిచేసిన మార్గరెట్ మెక్‌మిలన్ లాంటివాళ్లు సొంతంగా స్కూలు క్లినిక్కులు తెరిచింది ఈ ఖాళీలోనే. ప్రాథమిక బడుల్లో చికిత్స కూడా ప్రభుత్వం బాధ్యతేనని ఒప్పుకోవడానికి 1918 దాకా పట్టింది.

అలాగని చికిత్స చేస్తే చాలు, ఎలా చేసినా ఫర్వాలేదని మేము అనడం లేదు. 1906 జూన్‌లో న్యూయార్క్‌లోనే ఓ బడిలో పిల్లలకు అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో పెరిగే కండ) తీసే ఆపరేషన్లు చేశారు, డాక్టర్లు పిల్లల గొంతులు కోస్తున్నారని పుకారు పుట్టింది, వలస వచ్చిన తల్లులు టెన్షన్‌తో బడుల మీదికి దూసుకెళ్లి అద్దాలు పగలగొట్టారు. వాళ్లను మూర్ఖులనడం తేలిక. వాళ్ల భాషలో వాళ్లకు అర్థమయ్యేలా ముందే చెప్పిందెవరు? తలమీద తామరకు ఎక్స్‌రేలతో జుట్టు రాల్చే పద్ధతి 1904లో వచ్చి దశాబ్దాలపాటు నడిచింది. ఆ పిల్లల్లో థైరాయిడ్, మెదడు కణుతులు ఎక్కువని చాలా ఏళ్లకు గానీ బయటపడలేదు.

కాబట్టి బడి వైద్య పరీక్షల రిపోర్టుల్లో ఇంకో రెండు గడులు పెట్టండి: జబ్బు కనిపించిన పిల్లల్లో ఎంతమందికి వైద్యం పూర్తయింది, ఏం చేయబోతున్నారో తల్లిదండ్రులకు ముందు ఎవరు చెప్పారు. ఆ గడులు ఖాళీగా ఉన్న రిపోర్టుకు నిధులు ఇవ్వకండి.