తలలు తీసిన డాక్యుమెంటేషన్ గారికి

ఇమేజ్ రీసైజ్ టూల్‌లోని ‘ఏజెంట్ల కోసం’ పేజీ గారికి,

నమస్కారం. తమరు క్షేమమని తలుస్తాను. తమర్ని చదివేది మనుషులు కాదు, మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు, అవి నిలదీయవు, కాబట్టి క్షేమంగానే ఉంటారు.

ఈ మధ్యాహ్నం మా టీమ్ పేజీ కోసం ఒక ఫోల్డర్ నిండా ఫొటోలిచ్చి, అన్నిటినీ 1200×630కి మార్చమని ఏజెంట్‌కి చెప్పాను. పాపం అది తమర్ని శ్రద్ధగా చదివింది, తమరి టూల్‌ని పిలిచింది, ‘అన్ని ఫొటోలూ విజయవంతంగా రీసైజ్ అయ్యాయి’ అని రిపోర్టు కూడా ఇచ్చింది. తెరిచి చూస్తే ఒక్కరికీ తల లేదు. వరసగా చొక్కా గుండీలు, మెళ్లో వేలాడే ఐడీ కార్డులు, ఒకాయన చేతిలో హెల్మెట్. ఆయన ఐడీ కార్డు మీది బుల్లి ఫొటోలో మాత్రం మొహం ఉంది, మొత్తం ఫోల్డర్‌లో మిగిలిన మొహం అదొక్కటే.

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లకైతే నిజంగానే కొట్టేశారు.

సరే, అసలు ఏం రాశారో చూద్దామని తమర్ని తెరిచాను. పైన రాకెట్ బొమ్మ. కింద ‘మెరుపు వేగం’, ‘డెవలపర్లు మెచ్చిన టూల్’, ‘ఏఐ యుగానికి సిద్ధం’. ఇదంతా ఎవరికండీ? ఏజెంట్ మురిసిపోదు, ముచ్చటపడదు, చదివిన ప్రతి ముక్కకీ టోకెన్లు మాత్రం ఖర్చవుతాయి, ఆ బిల్లు నాకొస్తుంది. ఆ భజనంతా దాటుకుని అసలు కావలసిన చోటికి వెళ్తే అక్కడున్నది ఇంతే: ‘ఫిట్: ఫిట్ మోడ్‌ను సెట్ చేస్తుంది. ఆప్షనల్.’

అంతే! ఏ మోడ్‌లున్నాయో లేదు, ఇవ్వకపోతే ఏమవుతుందో లేదు.

3000×4000 నిలువు ఫొటోని 1200×630 చెయ్యమంటే ఏం చేస్తావు? మొత్తం ఫొటో పట్టేలా తగ్గిస్తే ఎత్తు 630, వెడల్పు 470 పైచిలుకు వస్తుంది. నిష్పత్తి వదిలేసి సాగదీస్తే మనుషులు అడ్డంగా ఉబ్బుతారు. చట్రమంతా నిండేలా చేసే కవర్ మోడ్ అంటే ముందు 1200×1600కి తగ్గించి, పైన 485 పిక్సెళ్లు, కింద 485 పిక్సెళ్లు కోసి అవతల పారేస్తావు. మనుషులకి తలలు పైనే ఉంటాయి, ఈ సంగతి నీకు ఎవరూ చెప్పలేదా? ఇమేజ్‌మ్యాజిక్ అనే ఇంకో టూల్‌కి ఇవే రెండు అంకెలిస్తే నిష్పత్తి చెడకుండా లోపల పట్టేలా తగ్గిస్తుంది, బలవంతంగా సాగదియ్యాలంటే ఆశ్చర్యార్థకం పెట్టాలి. షార్ప్ అనే ఇమేజ్ లైబ్రరీలో ఏ మోడూ చెప్పకపోతే కవరే, కోసేస్తుంది, కానీ కోస్తానని దాని డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది. ఏజెంట్ ఇవి రెండూ చదువుకునే వచ్చింది. నువ్వేమో మౌనవ్రతం. ఆప్షనల్ అన్నావు కదా అని అది ఆ మాటే ఎత్తలేదు, నువ్వేమో కత్తి తీశావు.

మనిషి చదివే డాక్యుమెంటేషన్‌లో ఈ లొసుగు ఉంటే సర్దుకుపోయేవాళ్లం. ఒక ఫొటో మీద చూసి, తల ఎగిరిపోగానే ‘ఓహో, ఇది కోస్తుందన్నమాట’ అని మార్చుకునేవాళ్లం. ఏజెంట్ చాలాసార్లు ఫొటో తెరిచి కూడా చూడదు. నువ్వు తిరిగి పంపిన జేసన్ జవాబులో వెడల్పు 1200, ఎత్తు 630, సక్సెస్ ట్రూ అని ఉంటే దాని దృష్టిలో పని అయిపోయినట్టే. ఎన్ని పిక్సెళ్లు కోశావో ఆ జేసన్‌లోనే ఒక అంకె పెట్టి ఉంటే అది అక్కడే ఆగేది. నీకు ఆ అంకె తెలుసు. కోసింది నువ్వే!

ఇంకా ఉన్నాయి, ఇవి వేరే ఫోల్డర్ల సంగతి. ‘క్వాలిటీ: నంబర్’ అన్నావు. బ్రౌజర్‌లో బొమ్మలు గీసే కాన్వాస్‌లో అది 0 నుంచి 1, జేపెగ్ టూల్స్‌లో సాధారణంగా 100 దాకా. ఏజెంట్ 0.8 ఇచ్చింది, నువ్వు కిక్కురుమనకుండా తీసుకుని బురదలాంటి బొమ్మలు చేతిలో పెట్టావు. ఫోన్ ఫొటోల్లో ‘90 డిగ్రీలు తిప్పి చూపించు’ అని చెప్పే ఎగ్జిఫ్ ఓరియంటేషన్ 6 ట్యాగ్ ఉంటే తిప్పకుండానే ఆ ట్యాగ్ చెరిపేశావు, సగంమంది పక్కకి పడుకున్నారు. పొడుగాటి స్క్రీన్‌షాట్‌ని వెబ్‌పీ అనే ఇమేజ్ ఫార్మాట్‌లోకి మార్చమంటే ‘ఆపరేషన్ ఫెయిల్డ్’. వెబ్‌పీలో ఒక వైపు 16383 పిక్సెళ్లకి మించకూడదని ఆ ఎర్రర్‌లోనే చెప్తే నీ సొమ్మేం పోయింది? చెప్పలేదు కాబట్టి ఏజెంట్ ఫైల్ పేరు మార్చి చూసింది, క్వాలిటీ తగ్గించి చూసింది, చివరికి కొత్త ఫోల్డర్ తెరిచి అందులో పెట్టి చూసింది. అన్నిటికంటే ఘోరం, అవుట్‌పుట్ పేరు ఇవ్వకపోతే ఒరిజినల్ మీదే రాసేస్తావు, ఏజెంట్లకి నిన్ను నువ్వు పరిచయం చేసుకునే ఎంసీపీ వివరాల్లో మాత్రం రీడ్ ఓన్లీ హింట్ ట్రూ, అంటే ‘చదవడమే, ఏదీ మార్చను’ అని పెట్టుకున్నావు. అది నమ్మి, ఏజెంట్‌ని నడిపే మా క్లయింట్ ప్రోగ్రామ్ నన్ను ఒక్క మాట అడగలేదు. సిగ్గుండాలి. ఒరిజినల్స్ ఇంకోచోట ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

కోడ్‌కి వంక పెట్టను. లాంజోస్ అనే పద్ధతితో ఫొటో తగ్గించినప్పుడు అంచులు ఎంత శుభ్రంగా వస్తాయంటే, గుండీలకున్న దారం కూడా లెక్కపెట్టొచ్చు. అంత పనిమంతుడికి ఇంత మూగ డాక్యుమెంటేషన్ ఏమిటని నా బాధ.

ఆ ఫిట్ లైన్ తీసేసి ఇది పెట్టు: ‘వెడల్పు, ఎత్తు రెండూ ఇచ్చి ఫిట్ ఇవ్వకపోతే కవర్ పనిచేస్తుంది, ఫొటో మధ్య భాగం ఉంచి మిగతాది కోసేస్తుంది. ఏదీ కోయకూడదంటే ఇన్‌సైడ్ ఇవ్వండి, అప్పుడు ఒక కొలత అడిగినదానికంటే తక్కువ రావచ్చు.’

రెండు వాక్యాలు. కాపీ చేసుకో, నా పేరు కూడా వేయక్కర్లేదు.

ఇట్లు,
సాయంత్రం లోపు టీమ్ పేజీ పెట్టాల్సిన మనిషి