అనుమతి చాలు, నిర్బంధం వద్దు

అమెరికాలో పోలీసులు డ్యూటీలో లేనప్పుడూ తుపాకీ తప్పనిసరిగా వెంట ఉంచుకోవాలని వాదించిన ఒక వ్యాసం చదివాను. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. 2004లో వచ్చిన ఫెడరల్ చట్టం అర్హత ఉన్న పోలీసులకు వేరే రాష్ట్రాల్లో కూడా తుపాకీ బయటికి కనపడకుండా దగ్గర పెట్టుకునే వీలిచ్చింది. పెట్టుకుని తీరాలని మాత్రం చెప్పలేదు. మద్యం మత్తులో ఉంటే ఆ వీలు కూడా వర్తించదు. మరి తప్పనిసరి చేస్తే పెళ్లికో పార్టీకో వెళ్లినవాళ్ల సంగతేంటి?

వ్యాసంలో ఒమర్ ఎడ్వర్డ్స్ పేరే లేకపోవడం నన్ను బాధపెట్టింది. 2009 మే 28 రాత్రి న్యూయార్క్ హార్లెంలో డ్యూటీ దిగి మఫ్టీలో ఉన్న ఆ 25 ఏళ్ల నల్లజాతి పోలీసు, తన కారులో చొరబడినవాడి వెంట తుపాకీతో పరిగెత్తాడు. అటుగా వచ్చిన తోటి పోలీసే అతన్ని నేరస్తుడనుకుని కాల్చేశాడు. ఆ తర్వాత గవర్నర్ వేసిన టాస్క్‌ఫోర్స్ కూడా ఇలా పొరపాటున బలైన ఆఫ్‌డ్యూటీ అధికారుల్లో ఎక్కువమంది నల్లజాతి, లాటినో వాళ్లేనని తేల్చింది. నిబంధన అందరికీ ఒకటే అయినా ప్రాణభయం అందరికీ ఒకేలా లేదు.

బెదిరింపులు ఎదుర్కొంటున్న అధికారి తుపాకీ ఉంచుకుంటానంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఆత్మరక్షణ వాళ్ల హక్కు. కానీ రేడియో, యూనిఫాం, పక్కన తోడు లేని మనిషిని ఆయుధం పట్టుకుని తిరగమని డిపార్ట్‌మెంట్ ఆదేశిస్తే, ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత కూడా డిపార్ట్‌మెంటే తీసుకోవాలి. దాని గురించి వ్యాసకర్త ఒక్క వాక్యమైనా రాయాల్సింది.